తప్పెట మింగిన మాట

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త కోటమ్మ. ఆమె చెప్పినట్టే చెబుతాను, ఒక్క మాట కలపను. మా వీధిలో కొందరు ఈ కథలో తప్పెటని డోలు చేశారు. డోలు కాదు. భుజానికి తగిలించుకుని రెండు పుల్లలతో కొట్టే తోలు తప్పెట. అది తెలియకపోతే ఈ కథే తెలియదు.

అనగా అనగా చిత్తలేరు అనే ఏరు. ఏటి ఒడ్డున రాయనిపాడు అనే ఊరు. ఊరికో రాజు, రాజుకో జోస్యుడు.

జోస్యుడి పేరు నరహరయ్య. రోజూ పొద్దున్నే తాటాకు మీద రేపటి కబురు రాసేవాడు. వాన పడుతుందా, పెళ్లి కుదురుతుందా, తిరునాళ్లలో ఎవరి కోడి గెలుస్తుంది, ఎవరు ఏ రంగు బట్ట కట్టాలి, అన్నీ రేపటివే. దాన్ని ఊరంతా చాటేవాడు ఎల్లమంద. ఆ తప్పెట అతని తాతది. ఎల్లమందకి అక్షరం రాదు. అయ్యగారు చదివి వినిపిస్తే, విన్నది విన్నట్టు చాటేవాడు.

ఆ ఊళ్లో ఎవరికీ కుదురు లేదు. చాటింపు వినందే పొయ్యి రాజేసేవాళ్లు కారు. విన్నాక ఇంకా కంగారు. ఇవాళ్టి అన్నం తింటూ రేపటి గురించి దిగులుపడేవాళ్లు.

ఒకరోజు జోస్యుడు ఇలా చదివాడు. "రేపు వడగళ్ల వాన పడుతుంది. పడకపోనూ వచ్చు."

"అదేంటయ్యగారూ! రెండూ మీరే అంటే ఎలా?"

"ఒరే, చాటడం నీ పని, అడగడం కాదు. 'పడుతుంది' అనగానే తప్పెట మీద మూడు దెబ్బలు గట్టిగా వెయ్యి. ఆ మోతలోనే మిగతా మాట అనెయ్యి. జోస్యానికి అదే పద్ధతి."

పద్ధతి అంటే ఎల్లమంద కాదనలేదు. వీధిలో నిలబడి అరిచాడు. "రేపు వడగళ్ల వాన పడుతుందహో!" డండండం! ఆ మోతలో పడకపోనూ వచ్చు అన్న మాట పక్కనే నిలబడ్డ కుక్కకి కూడా వినపడలేదు.

ఊరు ఊరంతా చేలకి పరుగెత్తింది. పాలకంకి మీదున్న జొన్నంతా కోసేసింది. తెల్లారితే చిటపటలాడే ఎండ. గింజలన్నీ తాలుపోయాయి.

జనం కోట మీదికి వెళ్లారు. జోస్యుడు తాటాకు చూపించాడు. "ప్రభూ, పడకపోనూ వచ్చని రాసే ఉంది. వీడి తప్పెట మింగేస్తే నేనేం చేయను?"

ఆ తాటాకు చదవడం ఎల్లమందకి రాదు. నోరు తెరిచేలోపే కుమ్మరి నాగులమ్మ అందుకుంది. "నీ తప్పెట పగల! మా నోటి కాడ కూడు మింగింది కదయ్యా!"

నెల తిరిగింది. జోస్యుడు మళ్లీ చదివాడు. "పొరుగు రాజు దండెత్తి వస్తాడు. రాకపోనూ వచ్చు." అవే మూడు దెబ్బలు. జనం పిల్లాజెల్లాతో గుట్టెక్కి మూడు రోజులు ముళ్లపొదల్లో కూర్చున్నారు. పొరుగు రాజు రాలేదు, అడవి పందులు వచ్చాయి. దుంపతోటలన్నీ తవ్వుకు తిని మరీ వెళ్లాయి.

మళ్లీ కోట, మళ్లీ తాటాకు. వీడు ఇష్టమొచ్చిన చోట కొట్టాడన్నాడు జోస్యుడు. రాజుకి కోపం వచ్చింది. "ఏరా ఎల్లమందా! ఇకనుంచి జోస్యుడు చెప్పిన చోట చెప్పినన్ని దెబ్బలు పడాలి. ఒక్కటి తప్పినా నీ తప్పెట చించి, నిన్ను పొలిమేర దాటిస్తాం."

జోస్యుడు మీసం చాటున నవ్వాడు. ఎల్లమంద ఆ నవ్వు చూశాడు, మరిచిపోలేదు.

మూడోసారికి వానాకాలం వచ్చింది. తాటాకు ఎన్నడూ తప్పలేదని రాజు జోస్యుడికి శాలువా కప్పుదామనుకున్నాడు. ఏటి ఇసకలో పందిరి, మర్నాడు ఊరంతా అక్కడే. పండగ ఆగితే శాలువా ఆగుతుంది. అందుకని జోస్యుడు ఇలా చదివాడు. "ఏటికి వరద రాదు. వస్తే వస్తుంది." 'రాదు' దగ్గర మూడు దెబ్బలు.

ఎల్లమంద కాళ్లు ఇంటికి పోలేదు, ఏటికి పోయాయి. ఒడ్డున చీమలు గుడ్లు మోసుకుంటూ గట్టెక్కుతున్నాయి. నీళ్లలో పచ్చి ఆకులతో కొమ్మలు కొట్టుకొస్తున్నాయి. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, ఇంటికెళ్లి గంజి తాగి వచ్చాడు. పుల్ల కనపడలేదు.

ఇంటి దగ్గర భార్య పేరమ్మ ఎండుగడ్డి అంటించి సిద్ధంగా ఉంది. కాచకపోతే తప్పెట మోగదు.

"కాచనా?"

"వద్దు."

"ఏమయ్యా, మతి పోయిందా? దెబ్బ తప్పితే తప్పెట పోతుంది, ఊరు పోతుంది."

"దెబ్బ వేస్తే ఊళ్లో వాళ్లు పోతారే."

పేరమ్మ గడ్డిని కాలితో తొక్కి ఆర్పేసింది.

ఎల్లమంద నడివీధిలో నిలబడ్డాడు. పుల్లలు నడుముకి దోపి, అరచెయ్యి తోలుకి ఆనించి, నిదానంగా చెప్పాడు. "ఏటికి వరద రాదంట. వస్తే వస్తుందంట."

జనం మొహాలు చూసుకున్నారు. నాగులమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఓరి నాయనో! ఆ మాత్రం జోస్యం మా గాడిద కూడా చెబుతుంది! ఇన్నాళ్లూ ఈ తోకేనా నీ తప్పెట మింగింది?"

"ఇదేనమ్మా."

"మరి నీ మాటేంటి? వస్తుందా, రాదా?"

"నాకు తెలవదు. చీమలు గట్టెక్కడం చూశా, పచ్చి కొమ్మలు రావడం చూశా, గుచ్చిన పుల్ల మునగడం చూశా. మీరూ వెళ్లి చూడండి."

వెళ్లి చూశారు. చూసినవాళ్లు ఇంకొకరిని అడగలేదు. పొద్దుగూకేలోగా రాజుతో సహా ఊరంతా గుట్ట మీదుంది. తెల్లారేసరికి పందిరి లేదు, ఇసక లేదు, కిందివీధి లేదు. మనుషులు మాత్రం ఒక్కరు తగ్గలేదు.

గుట్ట మీదే జోస్యుడు తాటాకు పైకెత్తాడు. "చూశారా ప్రభూ! వస్తే వస్తుందని రాశాను. వచ్చింది! వీడు చూడండి, దెబ్బ తప్పాడు."

"ఏరా, ఎందుకు తప్పావు?"

"దొరా, ఆ దెబ్బ ఎక్కడ వెయ్యాలో చెప్పింది అయ్యగారే. ఏ మాట వినపడకూడదో ఆ మాట మీద వేయించారు. తప్పెట ఇదిగో, చించుకోండి."

రాజు తప్పెట కాచి తెమ్మన్నాడు. తనే పుల్లలు పట్టుకున్నాడు. "నరహరయ్యా, నీకు శాలువా కప్పుతాం!" డండండం! మోతలో రాజు పెదవులు ఇంకా కదిలాయి.

జోస్యుడు భుజాలు సర్దుకుని వంగి నిలబడ్డాడు. శాలువా రాలేదు. "ప్రభూ, చివర ఏదో అన్నారు?"

"కప్పకపోనూ వచ్చు, అన్నాం. తప్పెట మింగేసింది."

గుట్టంతా నవ్వింది. శాలువా ఎల్లమంద భుజం మీద పడింది. దండోరా వేసేవాడు ముందు దెబ్బ వేసి, అరచేత్తో తోలు మూసి, ఆ తరవాతే మాట చెప్పడం ఆనాటి నుంచే వచ్చింది.

కానీ తాటాకు మిగిలింది, ఎల్లమంద మాట గాలిలో కలిసింది. తరవాత వచ్చినవాళ్లు ఆ తాటాకు చూసి, రాయనిపాడులో వరద సంగతి ముందే చెప్పినవాడు జోస్యుడేనని రాతి మీద చెక్కించారట. చదువొచ్చినవాళ్లు ఎవరైనా అటు వెళితే ఆ రాత కొట్టేయండి. ఎల్లమంద పేరు పెట్టి, కింద ఇలా దిద్దండి: తెలియనిది తెలియదని, చూసింది చూశానని చెప్పినవాడే ఊరిని ఒడ్డున పడేస్తాడు.