నాగలింగంగారి మూల

నాగలింగంగారు బ్యాటు పట్టుకుని కోర్టులో అడుగుపెడితే గుంటూరు నుంచి నెల్లూరు దాకా ఉన్న బాల్ బ్యాడ్మింటన్ ఆటగాళ్ళందరికీ కాళ్ళు వణికేవట. ఈ మాట చెప్పింది ఆయన మనవడు కాశీ. నెల్లూరువాళ్ళు ఆయన పేరు విననైనా వినలేదనీ, గుంటూరువాళ్ళు ఒకసారి వచ్చి కాఫీ చల్లారేలోపల ఓడించి, ఆ కాఫీ తాగి వెళ్ళిపోయారనీ చెప్పింది కూడా కాశీయే. కాకపోతే ఆ రెండో మాట గొంతు తగ్గించి చెప్పేవాడు. కాళ్ళు వణికిన మాట మాత్రం నిజం. అవి తాతవే, మోకాళ్ళ నొప్పుల వల్ల.

ఆట తెలియనివారి కోసం కాస్త చెప్పాలి. ఊలు చుట్టిన చిన్న పసుపు బంతి. నెట్టుకి అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. ఎవరి చోటు వారిది. తన చోటుకి వచ్చిన బంతిని నేల తాకనివ్వకుండా అవతలికి పంపడమే ఎవరి పనైనా. చీరాలలో రైలుకట్ట పక్కనున్న మైదానంలో, ఎండ చల్లబడే వేళకి ఈ ఆట మొదలయ్యేది. నాగలింగంగారి చోటు ఎడమ వెనక మూల. పొద్దంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని చీర నేసిన మనిషి, సాయంత్రమయ్యేసరికి సుద్ద రుద్దిన తెల్లబూట్లు, ఇస్త్రీ నిక్కరు, నుదుట మూడు విభూతి రేఖలతో పెళ్ళికొడుకులా బయల్దేరేవాడు. మీసం నల్లగా ఉన్ననాడు ఎక్కడ నిలబడ్డాడో, మీసం పూర్తిగా నెరిసిన నాడూ అక్కడే నిలబడ్డాడు. ఆ మూలని ఎన్నడూ వదలలేదు. ఆ మూలకి వచ్చిన బంతుల్ని మాత్రం చాలావరకు వదిలేశాడు.

కాశీకి చిన్నప్పుడే అమ్మానాన్న పోతే పెంచింది ఆ తాతే. ఇప్పుడు వాడు చీరల డిజైన్లు కంప్యూటర్లో గీసే పనిలో ఉన్నాడు. ఇంట్లో ఉండేది ఇద్దరే. ఇద్దరూ ఎదురెదురుగా పీటలు వేసుకుని అన్నం తినేటప్పుడు ఆనాటి ఆట మళ్ళీ మొదటినుంచీ జరిగేది.

“చూశావుట్రా? అయిదుగురం ఉన్నా బంతి నా దగ్గరికే వస్తుంది. ఎందుకంటావు?”

“నువ్వు వదిలేస్తావని ఊరంతటికీ తెలుసు కాబట్టి తాతా.”

“ఓరి వెధవా! నేనంటే వాళ్ళకి భయం. ముందు నన్ను పడగొడితే తక్కినవాళ్ళు వాళ్ళే పడిపోతారని.”

“నిన్ను పడగొట్టనక్కర్లేదు తాతా. కాస్త ఓపిక పడితే నువ్వే పడిపోతావు.”

తాత నవ్వి, పొలమారి, నీళ్ళు తాగి, మళ్ళీ నవ్వేవాడు. ప్రేమగా మాట్లాడటం ఆ ఇంట్లో ఇద్దరికీ చేతకాదు. దాని బదులు ఇది చేతనవును.

తాత ఆడే పక్క అయిదుగురికీ పెద్ద పరాంకుశం మాస్టారు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యాడు. ఊళ్ళో బ్యాటు పట్టిన ప్రతివాడికీ ఆయనే గురువు. ఆయనకొక అలవాటు ఉంది. ప్రశ్న వేస్తే జవాబు చెప్పడు, పని చెబుతాడు. ఓడిపోయిన రోజు మనసుని ఎలా సమాధానపరచుకోవాలండీ అని ఒక కుర్రవాడు అడిగితే, నెట్టు విప్పి మడతపెట్టమన్నాడు. ఆ కుర్రవాడు నెట్టు మడతపెట్టి ఇంటికి వెళ్ళిపోయాడు. జవాబు దొరికిందో లేదో తెలియదు గాని, మర్నాడు అందరికంటే ముందు వచ్చి నెట్టు కట్టాడు. కాశీ కూడా ఆయన శిష్యుడే. అయితే వాడు నేర్చుకున్నది అంపైరు పని. నెట్టు పక్కన ఎత్తు స్టూలెక్కి, కాళ్ళు ఊపుకుంటూ పాయింట్లు చెప్పేవాడు. తాత బంతి వదిలేసినప్పుడల్లా వాడి గొంతు రెట్టింపయ్యేది. ఆ గొంతు రైలుగేటు దాకా వినబడేది.

ఒక మధ్యాహ్నం నాగలింగంగారు మగ్గం మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. సుద్ద రుద్దిన బూట్లు గడప పక్కన ఆరుతున్నాయి.

కాశీకి ఏడవడం కుదరలేదు. వాడికి తెలిసిందల్లా ఆటపట్టించడం. అందుకు ఎదురుగా ఒక మనిషి కావాలి. కర్మలన్నీ అయిపోయి బంధువులు వెళ్ళిపోయాక, మొదటిరోజు అన్నం కలుపుకుంటూ అలవాటు చొప్పున, “ఇవాళ ఎన్ని వదిలేశావు తాతా?” అనేశాడు. ఎదురుగా పీట గోడకి ఆనించి ఉంది. కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ తర్వాత వాడు ఇంట్లో తినడం మానేసి, స్టేషను రోడ్డులో ఏదో ఒక చోట నిలబడి తినడం మొదలుపెట్టాడు.

ఒంటరితనం మనిషిని ఊరుకోనివ్వదు, ఏదో ఒకటి చేయిస్తుంది. కాశీ చేత అది సున్నం కలిపించింది. ఒకనాడు వాడు మైదానానికి అందరికంటే ముందు వెళ్ళి, ఎడమ వెనక మూలలో సున్నంతో గుండ్రంగా గీత గీశాడు. గీత మధ్యలో తాత బ్యాటు పెట్టాడు. బ్యాటుకి బంతిపూల దండ వేశాడు. ఆటగాళ్ళు వచ్చేసరికి స్టూలు దిగి నిలబడి ఒక ప్రకటన చేశాడు. ఈ చోటు తాతది, ఇక్కడ ఇంకెవరూ నిలబడకూడదు, ఇకమీదట ఈ పక్క నలుగురే ఆడతారు అని. తాత గురించి కూడా నాలుగు ముక్కలు చెప్పాడు. మహానుభావుడన్నాడు, మేరునగధీరుడన్నాడు. బతికున్నప్పుడు ఒక్కసారైనా ఆ మాట అని ఉంటే నాగలింగంగారు మనవడికి జ్వరం తగిలిందేమోనని నుదురు ముట్టి చూసి ఉండేవారు.

మనవడు అంత ప్రేమగా చేసిన పనిని ఎవరు కాదంటారు? అవతలి అయిదుగురికీ పెద్ద అయిన మస్తాన్ వలీ, నాగలింగంగారి కంటే వయసులో కాస్త చిన్నవాడు, కళ్ళు తుడుచుకుని, “అట్టాగే కానీరా అబ్బాయ్” అన్నాడు. అందరూ పరాంకుశం మాస్టారి వైపు చూశారు. ఆయన బ్యాటు తీగలు సవరించుకుంటున్నాడు.

ఆట అలాగే సాగింది, అంటే సాగలేదు. అవతలివాళ్ళు మర్యాదస్థులు. ఆ గీత వైపు బంతి కొట్టడానికి వారికి చేయి రాలేదు. పొరపాటున ఎవరి బంతైనా అటు వెళితే లెంపలు వేసుకుని, “తప్పయింది నాగలింగమన్నా” అనేవారు. కోర్టులో ఒక మూల మూతపడేసరికి తక్కిన మూలలు కూడా ముడుచుకుపోయాయి. అరుపులు లేవు. గెలిచినవాడు సిగ్గుపడుతున్నాడు, ఓడినవాడు నిట్టూరుస్తున్నాడు. స్టూలు మీదనుంచి కాశీ చెప్పే పాయింట్లు కూడా సంతాపసభలో పేర్లు చదివినట్టే ఉన్నాయి. మెల్లగా ఒకాయనకి నడుము పట్టింది. ఇంకొకాయన ఇంటికి కూతురు పురిటికి వచ్చింది. మరొకాయన ఏ కారణమూ చెప్పకుండానే మానేసి, అదే వేళకి రైలుగేటు దగ్గర టీ తాగుతూ కనిపించడం మొదలుపెట్టాడు.

చివరికి ఒక సాయంత్రం మైదానంలో ముగ్గురే మిగిలారు. గురువుగారు, మస్తాన్ వలీ, స్టూలు మీద కాశీ. మూలన గీతలో వాడిన దండతో బ్యాటు.

“ఇద్దరం ఏం ఆడతాం మాస్టారూ?” అన్నాడు మస్తాన్. “నెట్టు విప్పేద్దాం. రేపట్నుంచి నేనూ రాను. ఇక్కడికొస్తే గుండె బరువెక్కటం తప్ప ఏముంది?”

కాశీ స్టూలు దిగి మాస్టారి ముందు నిలబడ్డాడు. నెట్టు విప్పితే మళ్ళీ కట్టేవాళ్ళుండరని వాడికి తెలుసు.

“గురువుగారూ, నేనేం తప్పు చేశాను? ఆయన చోటు ఆయనకే ఉంచాలనుకున్నాను. అంతేగా? ఆయన ప్రాణం పెట్టిన ఆట నా చేతుల్లోనే ఆగిపోతోందేమిటండీ?” అని, మళ్ళీ “ఇల్లు బోసిపోయిందని ఇక్కడికొస్తే ఇక్కడ ఇంకా బోసిగా ఉంది” అన్నాడు.

పరాంకుశం మాస్టారు బంతి తీసుకుని నెట్టుకి అవతలి పక్కకి వెళ్ళాడు. చేతిలో బంతిని ఒకసారి తూచినట్టు ఎగరేసి, ఎడమ వెనక మూలకి కొట్టాడు. బంతి గీత మధ్యలో పడి, బ్యాటుకి తగిలి టక్కుమంది. దండలోంచి రెండు రేకులు రాలాయి.

“మాస్టారూ!” అన్నాడు మస్తాన్, తనకే తగిలినట్టు.

మాస్టారు ఇంకో బంతి తీశాడు. అదీ అక్కడికే కొట్టాడు. మూడోది కొట్టబోతుంటే కాశీ నెట్టు దగ్గరికి పరుగెత్తాడు.

“అక్కడికి కొడతారేంటండీ! అది తాత చోటు!”

“అవును. అందుకే కొడుతున్నాను” అని ఆయన మూడోదీ కొట్టాడు. తర్వాత బ్యాటు దించి, చాలా మామూలుగా అన్నాడు. “ఈ కోర్టులో అన్నిటికంటే ఎక్కువ బంతులు చూసిన మూల అది. మీ తాత పోయాక అటు కావాలని ఎవరూ ఒక్కటీ కొట్టలేదు.”

కాశీ వెనక్కి తిరిగి చూశాడు. మూడు పసుపు బంతులు ఆ బ్యాటు చుట్టూ చేరి ఉన్నాయి. ఏ ఒక్కటీ నెట్టు దాటి వెనక్కి వెళ్ళలేదు. సరిగ్గా తాత ఆడినట్టే ఉంది. వాడు ఆపుకోలేకపోయాడు.

“మూడూ వదిలేశావా తాతా?”

ఆ మాట నోట్లోంచి వచ్చేశాక నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగా ఇన్నాళ్ళూ రాని ఏడుపు వచ్చింది. వాడు ఆ గీత పక్కనే చతికిలబడి, రెండూ ఒకేసారి చేశాడు. మస్తాన్ దగ్గరికి వెళ్ళబోతే మాస్టారు చేత్తో వారించాడు.

కాసేపటికి కాశీ లేచాడు. దండ తీసి నెట్టు కర్రకి తగిలించాడు. సున్నపు గీతని కాలితో చెరిపాడు. అది పూర్తిగా పోలేదు, చుట్టూ తెల్లగా మిగిలింది. తాత బ్యాటు చేతిలోకి తీసుకుని ఆ తెలుపు మధ్యలో నిలబడ్డాడు. అవతల మస్తాన్ చొక్కాతో కళ్ళద్దాలు తుడుచుకుని, “ఒరే కాశీ! మీ తాతకి కొట్టినట్టే కొడతా. తర్వాత ఏడవమాకు” అని బంతి కొట్టాడు. కాశీ బ్యాటు ఒకవైపు ఊగింది, బంతి ఇంకోవైపు వెళ్ళింది. రెండోది వాడి భుజానికి తగిలింది. మూడోది వాడు బ్యాటు ఎత్తేసరికే పడి దొర్లుతోంది. మస్తాన్ చాలా రోజుల తర్వాత పెద్దగా నవ్వాడు. ఆ నవ్వుకి రైలుగేటు దగ్గర టీ తాగుతున్న ఆయన గ్లాసు కింద పెట్టి, ఇటు తిరిగి, బూటు తాడు బిగించుకోవడం కనిపించింది.

కాశీ చెవులదాకా ఎర్రబడ్డాడు. ఇక దాచి లాభం లేదనుకున్నాడు కాబోలు, నెట్టు దగ్గరికి వచ్చి, మస్తాన్‌కి వినబడకుండా గొంతు తగ్గించాడు.

“గురువుగారూ, ఊళ్ళో అందరికీ తాత దగ్గర ఆట నేర్చుకున్నానని చెప్పుకుంటాను గాని, నేనెప్పుడూ బ్యాటు పట్టలేదండీ. తాత రమ్మంటే అంపైరు లేకపోతే ఎట్లా అని స్టూలెక్కేవాణ్ణి. బంతి మీదికొస్తుంటే నాకు కళ్ళు మూసుకుపోతాయి.”

మాస్టారు అప్పటికే బంతి ఏరుకుని వెనక్కి నడుస్తున్నాడు. తన చోటుకి చేరాకగాని ఇటు తిరగలేదు.

“మీ తాతకీ మూసుకుపోయేవిరా. కాస్త వెనక్కి జరుగు, బంతి వస్తోంది.”