మరిడి నిలబడిన గుమ్మం

అప్పుడెప్పుడో, గోదారమ్మ ఇంకా పసిపిల్లగా ఉండి, ఏ పాయలోంచి పోయి సముద్రుడి ఒళ్ళో వాలాలో తేల్చుకోలేక అటొక అడుగూ ఇటొక అడుగూ వేస్తున్న కాలంలో, నదికీ సముద్రానికీ మధ్యన ఒక మడ అడివి ఉండేది. అడివి అంచున, మట్టిదిబ్బ మీద, ఓ చిన్న ఊరు. ఊరంతా చేపలు పట్టుకుని బతికేవాళ్ళే. ఆ ఊళ్ళో మరిడి అని ఒకావిడ ఉండేది.

మరిడికి మొగుడు లేడు. సముద్రం మీదికి పోయినవాడు పోయినట్టే. పిల్లలు లేరు. వల లేదు, నావ లేదు. ఉన్నదల్లా ఒక ఇనప కొక్కెం, ఒక ఈతాకు బుట్ట. పాటు పడి నీళ్ళు వెనక్కి తీశాక అడివిలోకి పోయేది. బురదలో పీత బొరియ కనబడితే కొక్కెం పెట్టి లాగేది. ఆ పూటకి సరిపడా దొరికాక ఇంకో పీత కనబడినా సరే, "నీ పని రేపు చూస్తాలే, పో" అని వదిలేసేది.

ఆ అడివి మామూలు అడివి కాదు మరి. రోజుకి రెండుసార్లు మునిగేది, రెండుసార్లు తేలేది. సముద్రం లోపలికి పొంగితే పోటు. చెట్లన్నీ మొలలోతు నీళ్ళలో నిలబడేవి. వెనక్కి తీస్తే పాటు. బురదంతా బయటపడేది. ఏ చెట్టుకైనా వేర్లు కిందికి పోతాయి కదా? ఆ చెట్లకి పైకి వచ్చేవి. భూమి లోపల ఎవరో పడుకుని చేతివేళ్ళు పైకెత్తి చూపిస్తున్నట్టు, ఎటు చూసినా అవే. నీళ్ళు తీయగానే వాటి చుట్టూ బురద బుడగలు పోసేది. బుడుక్, బుడుక్, బుడుక్. మరిడి పని మరిచిపోయి వింటూ నిలబడేది. అడివి ఊపిరి తీసుకుంటోంది అనుకునేది. ఒక్క వేరుని కూడా తొక్కకుండా నడిచేది.

ఎన్ని వింతలు అక్కడ! నీళ్ళు వద్దని గట్టెక్కి, కళ్ళు మిటకరిస్తూ బురద మీద గెంతే చేపలు. పెళ్ళివారిలా గుంపుగా వచ్చి, కిచకిచమని దెబ్బలాడుకుంటూ నీళ్ళలోకి దూకే నీటికుక్కలు. కొమ్మ మీద కూర్చుని, ముంగాలు నీళ్ళలో ముంచి చేపని పట్టే నీటిపిల్లి. అది మరిడిని చూసి పారిపోయేది కూడా కాదు. తడిసిన కాలు నాక్కుంటూ, వచ్చావా అన్నట్టు చూసేది.

వీటన్నిటికంటే పెద్ద వింత ఇంకొకటి ఉంది. పొట్ట కింద గుడ్లు మోస్తున్న తల్లిపీత పాటు నీళ్ళతో సముద్రంలోకి పోయేది. గుడ్లు అక్కడ విడిచేది. కొన్నాళ్ళకి నువ్వుగింజంత పిల్లపీతలు పోటు నీళ్ళలో కొట్టుకొచ్చి, ఈ వేర్ల మధ్యన దాక్కుని పెరిగేవి. రొయ్యలూ అంతే. చేపలూ చాలామటుకు అంతే. పాటుకి తల్లులు బయటికి, పోటుకి పిల్లలు లోపలికి. గుడ్ల పీత కొక్కానికి తగిలితే మరిడి దాన్ని చెంగులో పెట్టుకుపోయి, అడివికి నీళ్ళు వచ్చిపోయే మొగ దగ్గర వదిలిపెట్టేది.

"పిచ్చిమరిడి పీతలకి పురుడు పోస్తుందంట!" అని ఊళ్ళో నవ్వుకునేవారు. మరిడి కూడా నవ్వేసేది.

ఇలా ఉండగా ఒక ఏడు సముద్రం ఎదురు తిరిగింది. కెరటం మీద కెరటం. నావ దింపితే తిరగబడేది. ఊళ్ళో పొయ్యిలు ఆరిపోయాయి.

ఆ ఊరికి కులపెద్ద కొల్లయ్య. మరిడి మొగుడికి స్వయానా అన్నగారు. మంచివాడే. ఊరి ఆకలి చూడలేక ఒక ఉపాయం ఆలోచించాడు. మొగకి అడ్డంగా వెదురు తడికలు కట్టి, పాటు నీళ్ళతో బయటికి పోయే చేపల్ని పట్టుకోవడం వాళ్ళకి పాత అలవాటే. పాటుకి కట్టి, పోటుకి ముందు విప్పేసేవారు.

"విప్పడం ఎందుకు? కట్టింది కట్టినట్టే ఉంచుదాం. అడుగున మట్టి మెత్తేద్దాం. ఒక్క చేప జారిపోదు" అన్నాడు కొల్లయ్య.

అలాగే చేశారు. అబ్బ, ఎన్ని చేపలు పడ్డాయని! గుడ్ల పీతలు, పొట్ట పగిలేంత గుడ్లతో కొయ్యింగలు, మూరెడు పండుగప్పలు. ఇంటింటా పులుసు. ఊరంతా కొల్లయ్యని దేవుడన్నారు. మరిడి గుడిసెకీ వాటా వచ్చింది. ఆకలి మీద ఉందేమో, ఆవిడా తిన్నది.

కొన్నాళ్ళు గడిచాయి. మొదట అడివి చెట్ల మీద వాలే గూడబాతులు లేచిపోయాయి. ఆకాశం నిండా తెల్లగా లేచి, మూడు చుట్లు తిరిగి, దక్షిణానికి వెళ్ళిపోయాయి. మరిడి తోడికోడలి దగ్గరికి వెళ్ళింది. ఆ తోడికోడలు ఆదెమ్మ, కొల్లయ్య పెళ్ళాం.

"అక్కా, తడికలో కాస్త దారి ఉంచమని బావగారితో చెప్పవా?"

"ఎవరికే దారి?"

"పిల్లలకి. పాటుకి తల్లులు బయటికి, పోటుకి పిల్లలు లోపలికి. తడిక నిండా ఆకు పట్టేసింది, సన్నవాళ్ళు కూడా దూరలేకపోతున్నారు."

"సన్నవాళ్ళా! నీ మేనల్లుళ్ళా ఏంటే వాళ్ళు?" అని ఆదెమ్మ పడీ పడీ నవ్వింది. కంచం నిండా కూర పెట్టి పంపించింది.

తర్వాత నీటికుక్కలు పోయాయి. తడిక బయటికి వచ్చి, దాని మీద చేతులు వేసి, లోపలికి చూసి కిచకిచమని ఏడ్చి పోయాయి. మరిడి మళ్ళీ వెళ్ళింది. ఈసారి కొల్లయ్య అరుగు మీదే ఉన్నాడు. ఆ రోజుల్లో తమ్ముడి పెళ్ళాం బావగారి ఎదురుగా నిలబడి మాట్లాడకూడదు. మరిడి తలుపు చాటున నిలబడి, చెంగు నెత్తిమీదికి లాక్కుని, "అక్కా, బావగారితో చెప్పు. నీటికుక్కలు పోయాయి" అంది.

కొల్లయ్య కూడా పెళ్ళాంతోనే అన్నాడు. "పోతే పోనీ. వల కొరికే దొంగలు."

ఆ తర్వాత పోవలసినవి ఏవీ మిగల్లేదు. నీళ్ళు రావడమూ లేదు, పోవడమూ లేదు. అడుగున మెత్తిన మట్టికి లోపలి నీళ్ళు నిలవబడి కుళ్ళిపోయాయి. పైకి లేచిన వేర్లన్నీ ఆ నీళ్ళ కింద ఉండిపోయాయి. మరిడి గట్టున నిలబడి చెవి పెట్టింది. ఒక్క బుడగ చప్పుడు లేదు. అంత అడివీ ఊపిరి బిగబట్టుకుని చూస్తోంది.

అది త్రయోదశి. అమావాస్య పోటు ఎంతో దూరంలో లేదు. ఏడాది మొత్తం మీద పిల్లలు ఎక్కువగా వచ్చేది ఆ పోటుకే. అప్పుడు కూడా దారి దొరక్కపోతే ఇంక రావడానికి ఎవరూ ఉండరు.

మరిడి ఊరు కూడిన చోటికి వెళ్ళి, ఆదెమ్మ వెనకాల నిలబడింది. "అక్కా, బావగారితో చెప్పు. ఒక్క మనిషి పట్టేంత గుమ్మం చాలు. అంతకంటే అడగను."

"గుమ్మంట్రోయ్! తోరణం కూడా కట్టాలేమో!" అన్నాడొకడు.

"ఆ గుమ్మంలోంచి పెద్ద చేపలన్నీ పారిపోతే కాపలా ఎవరు?" అన్నాడింకొకడు.

కొల్లయ్యకి చిరాకేసింది. "సరే. దాని ఒళ్ళు పట్టేంత గుమ్మం తెరుచుకోమను. కానీ అందులో అదే నిలబడాలి. అది నిలబడినంతసేపే గుమ్మం. గట్టెక్కితే మూసేస్తాం." అందరూ గొల్లున నవ్వారు.

మరిడి నవ్వలేదు. "అక్కా, బావగారికి దణ్ణం పెట్టానని చెప్పు" అంది.

ఆ రోజు పోటుకే వెళ్ళి, తడికలో తన ఒళ్ళు పట్టేంత దారి కోసి, అడుగున మెత్తిన మట్టి తవ్వేసి, నిలబడింది. నీళ్ళు నడుం దాకా వచ్చాయి. ఊరంతా గట్టున చేరి నవ్వింది. నీళ్ళు తీశాక మరిడి గట్టెక్కింది. గుమ్మం మూసేశారు.

మర్నాడు చతుర్దశి. గుమ్మం తెరిచి మళ్ళీ నిలబడింది. నీళ్ళు భుజాల దాకా వచ్చాయి. ఈసారి సగం మందే నవ్వారు. ఆదెమ్మ అన్నం మూట పట్టుకుని గట్టు దిగి వచ్చింది.

"చాల్లేవే, రా! మా ఆయన ఏదో మాటకి అంటే..."

"అక్కా, ఒక్కసారి నీ చెయ్యి నీళ్ళలో పెట్టు."

ఆదెమ్మ చెయ్యి పెట్టింది. పెట్టి, తీయలేకపోయింది. నీళ్ళు నీళ్ళలా లేవు. కదులుతున్నాయి. గాజుముక్కల్లాంటి రొయ్యపిల్లలు, కళ్ళు తప్ప ఇంకేమీ కనబడని చేపపిల్లలు, నువ్వుల్లాంటి పీతపిల్లలు. మరిడి చేతుల సందుల్లోంచి, మెడ పక్కనుంచి, కాళ్ళ మధ్యనుంచి, ఆగకుండా, తోసుకోకుండా, లోపలికి పోతున్నాయి. ఆదెమ్మ వేళ్ళ మధ్యనుంచి కూడా పోయాయి. చక్కిలిగింతలు పెట్టినట్టుంది.

"ఓలమ్మో, ఇన్ని ప్రాణాలే! ఎవరు పంపిస్తున్నారే వీళ్ళని?" అంది. ఆమె కళ్ళంట నీళ్ళు కారాయి. ఆ సాయంత్రం మొగుడికి చెప్పింది. కొల్లయ్య ఆ పూట అన్నం కూడా తినలేదు.

మూడోనాడు అమావాస్య. పొద్దున్నే సముద్రం మీంచి గాలి లేచింది. మరిడి గుమ్మం తెరిచి నిలబడింది. నీళ్ళు నడుం దాకా వచ్చాయి. భుజాల దాకా వచ్చాయి. గడ్డం దాకా వచ్చాయి. ఇంకా పెరుగుతున్నాయి. ఆ రోజు వచ్చిన పిల్లలకి లెక్క లేదు. మొగ మొగంతా పాలపొంగులా తెల్లగా మెరిసింది. గట్టున ఒక్కరూ నవ్వలేదు. మగవాళ్ళు తలపాగాలు తీసేశారు.

కొల్లయ్య గట్టు అంచుకి పరుగెత్తుకొచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తమ్ముడి పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిచాడు.

"మరిడీ! వచ్చెయ్యి! గుమ్మం మూయను. నా మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. వచ్చెయ్యి!"

మరిడి తల ఇటు తిప్పింది. తడిసిన చెంగు నెత్తిమీదికి లాక్కుంది. ఆ నీళ్ళలో కూడా!

"అక్కా, బావగారితో చెప్పు. ఇంకొంచెంసేపు. ఇంకా వస్తున్నాయి."

"నాతోనే చెప్పవే తల్లీ!" అని కొల్లయ్య నీళ్ళలోకి దూకాడు. పోటు ఆయన్ని ఎత్తి గట్టు మీద పడేసింది. మళ్ళీ దూకాడు. మళ్ళీ పడేసింది. మూడోసారి దూకేసరికి నీళ్ళ మీద చెంగు అంచు ఒక్కటే కనబడింది. తర్వాత అదీ కనబడలేదు.

బురద మోకాళ్ళ దాకా పట్టేసి రానివ్వలేదని కొందరంటారు. ఆవిడే రాలేదని కొందరంటారు. ఎవరు చూశారు?

పాటు పడింది. నీళ్ళు తీశాయి. మరిడి నిలబడే ఉంది. పడిపోలేదు. రెండు చేతులూ అటూ ఇటూ తడికల్ని పట్టుకుని, గుమ్మం చెదిరిపోకుండా ఆపి ఉంచాయి. చీర కుచ్చిళ్ళ నిండా, చెంగు మడతల నిండా, జుట్టు నిండా పిల్లపీతలు. ఊరంతా చూస్తుండగా అవి ఒకటొకటే దిగి, బురద మీద పాకి, వేర్ల మధ్యకి పోయాయి. చివరిది పోయేదాకా ఎవరూ ఆమెని ముట్టుకోలేదు. అప్పుడు వినబడిందట. బుడుక్. కాసేపాగి ఇంకొకటి. ఆ తర్వాత అడివంతా.

తడికల్ని పట్టుకున్న చేతులు విడలేదు. కొల్లయ్య కత్తి తెచ్చి, ఆమె చేతుల్ని కాదు, వెదుర్లని కోశాడు. ఆ వెదురుముక్కలతోనే మట్టి చేశారు. ఆ ఏడు ఊరు అరాకలితోనే గడిపింది. ఉప్పునేల మీద మొలిచే ఆకులు ఉడకబెట్టుకు తిన్నారు. గుమ్మం మూద్దామని మాత్రం ఒక్కరూ అనలేదు. మరుసటేడు వానలు వెలిశాక అడివి తన పిల్లల్ని బయటికి పంపించింది. చేపలు, రొయ్యలు, పీతలు. వాటి వెనకాల నీటికుక్కలు. వాటి పైన, ఆకాశం నిండా, గూడబాతులు.

కొల్లయ్య పోయాడు, ఆదెమ్మ పోయింది. వాళ్ళని చూసినవాళ్ళూ పోయారు. ఇప్పటికీ ఆ మొగలో తడికలు కట్టేటప్పుడు ముందు ఒక ఆడమనిషి నీళ్ళలోకి దిగుతుంది. ఆమెకి అటొకటి ఇటొకటి గుంజలు పాతుతారు. ఆమె ఒళ్ళు ఎంతో గుమ్మం అంత. అందుకని ఊళ్ళోకెల్లా లావుపాటి ఆవిడని బతిమాలి మరీ దింపుతారు. "వదినా, ఇంకో ముద్ద తినేసి రావలసింది!" అని మరుదులు వేళాకోళం చేస్తారు. ఆమె వాళ్ళ మీద నీళ్ళు చల్లుతుంది.

గుంజలు పాతడం అయ్యాక మాత్రం ఎవరూ నవ్వరు. తలపాగాలు తీసేస్తారు. ఊళ్ళోకెల్లా పెద్దాయన గట్టు మీద నిలబడి అడుగుతాడు.

"గుమ్మంలో ఎవరమ్మా?"

"మరిడిని" అంటుంది ఆమె. చెంగు నెత్తిమీద వేసుకోకుండా, పెద్దాయన మొహంలోకి సూటిగా చూసి అంటుంది. "దారి వదలండి."

ఆపైన ఆమె గట్టెక్కి ఇంటికి పోతుంది. గుమ్మం అలాగే ఉంటుంది.