ఎంత వాల్చాలి

సుభాషిణి అలసిపోయింది. ఎనిమిది నెలలుగా ఒకటే ఫాంటు గీస్తోంది. లావుపాటి అక్షరాలు, మూలల్లేకుండా గుండ్రంగా తిరిగి కుడిపక్కకి వాలినవి. పుస్తకంలో వేస్తే రెండో పేజీకే కళ్లు పీకుతాయి. బస్సు పక్కనో, దుకాణం నెత్తినో నాలుగు మాటలు వేస్తే మాత్రం వీధి చివరి నుంచి కనపడాలి.

కనపడుతున్నాయి. కాకపోతే పడిపోతున్నట్టు కనపడుతున్నాయి.

ఎనిమిది డిగ్రీలు వాల్చింది. పది వాల్చింది, పన్నెండు వాల్చింది. ఎంత వాల్చినా తాగొచ్చినవాళ్లలాగే ఉన్నాయి. బస్సుల కంపెనీవాళ్లు రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి చూపించాల్సింది ఎల్లుండే. ఇదీ కుదరకపోతే ఇక అక్షరాల జోలికి పోనని ఇంట్లో చెప్పేసింది. విని ఎవరూ బాధపడలేదు. అందుకు ఆమెకి ఇంకా బాధేసింది.

గీసిన కాగితాల కట్ట సంచిలో పెట్టుకుని బెజవాడ వన్‌టౌన్‌లో దస్తగిరి మాస్టారి దగ్గరికి వెళ్లింది. నలభై ఏళ్లు బోర్డులు రాసిన మనిషి. ఆమెకి కుంచె పట్టడం నేర్పింది ఆయనే. మోకాళ్లు అరిగాక నిచ్చెన ఎక్కడం మానేశాడు.

“ఎన్ని డిగ్రీలు వాల్చమంటారు మాస్టారూ? అంకె చెప్పండి చాలు. ఇంక నావల్ల కాదు.”

ఆయన కాగితాలన్నీ ఒక్కొక్కటే తిరగేశాడు. అంత ఓపిగ్గా చూస్తుంటే ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

“పదమ్మా, టీ తాగొద్దాం,” అన్నాడు.

టీకొట్టు ఓవర్‌బ్రిడ్జికి అవతల. ఎండ మాడుస్తోంది. వంతెన ఎత్తు మొదలయ్యేచోట బియ్యం బస్తాల బండి ఒకటి ఆగిపోయింది. ముందు కాడి పట్టుకుని లాగుతున్న హమాలీ ఒక్కడే, అతనూ ముసలివాడే. వెనక ఆటోలవాళ్లు హారన్లు మోగించడమే గాని దిగి చెయ్యి వేసే పుణ్యాత్ముడు లేడు.

మాస్టారు చేతికర్ర పక్కన పెట్టి బస్తాకి భుజం ఆనించాడు.

“మీ మోకాళ్లు మాస్టారూ!”

“అయితే నువ్వు రా.”

ఆమె సంచి ఆయనకిచ్చి, చున్నీ నడుముకి బిగించి తోసింది. బండి కదల్లేదు. వెనక కాలు రోడ్డుకి నొక్కిపెట్టి, ఒంట్లో ఉన్న బరువంతా భుజంలోకి తెచ్చి మళ్లీ తోసింది. జానెడు కదిలింది. తరవాత మూరెడు. ఎనిమిది నెలల విసుగూ ఆ బస్తాల మీదే తీర్చుకుంది.

పైకి చేరాక హమాలీ వెనక్కి తిరిగి, “సల్లగుండు తల్లీ,” అని అవతలి వాలులోకి దిగిపోయాడు. మాస్టారు కర్ర పొడుచుకుంటూ నెమ్మదిగా వచ్చి కలుసుకున్నాడు. ఇద్దరికీ ఊపిరి ఆడటం లేదు.

“ఎంత వంగావమ్మా?”

“చూసుకోలేదండీ.”

“మరి ఎందుకు వంగావు?”

“బండి కదలాలి కదండీ...”

ఆ మాట దగ్గర ఆగిపోయింది. కిందికి, ఇందాక రోడ్డుకి నొక్కిపెట్టిన కాలి వంక చూసుకుంది.

తరవాత ఆయన చేతిలోంచి సంచి తీసుకుని పై కాగితం లాగి చూసింది. అక్షరాలన్నీ వాలాయి గాని, నేలకి నొక్కిపెట్టిన కాలు ఒక్కదానికీ లేదు.

“టీ రేపు తాగుదాం మాస్టారూ,” అంది.