పైడయ్య పక్కటెముకలు

భీమశంకరం గారిని ఏదైనా ప్రశ్న అడిగితే నోటితో జవాబు చెప్పరు. చెప్పులేసుకుని బయల్దేరతారు. అడిగినవాళ్ళు నోరు మూసుకుని వెనకాల నడవాల్సిందే. విజయనగరం వైపు ఒక పెద్దాసుపత్రిలో ఇరవై ఏళ్ళుగా క్యాజువాలిటీకి ఆయనే పెద్ద. ఆయన చేతికింద పని నేర్చుకున్న డాక్టర్లలో ఆయన ఉపన్యాసం విన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

ఆ శనివారం అడిగింది శమంత, రెండేళ్ళుగా ఆయన దగ్గర డ్యూటీ చేస్తున్న చిన్న డాక్టరు. ఆమెకి విశాఖలో చర్మవ్యాధుల చదువుకి సీటొచ్చింది. చేరేదీ లేనిదీ సాయంత్రంలోగా చెప్పెయ్యాలి. పాపం, పొద్దుట్నించీ రెండు పడవల మీద కాళ్ళు పెట్టి నుంచుంది.

"సార్, గుండె ఆగినవాళ్ళని చావు నోట్లోంచి లాగేది మనం. పై అంతస్తు వార్డుకి పంపేశాక వాళ్ళ మొహం మళ్ళీ చూడం. దండాలూ కొబ్బరికాయలూ గుండె డాక్టరు గారికి. మనమెవరో కూడా వాళ్ళకి తెలీదు. ఈ పనిలో మనకి మిగిలే తృప్తేమిటి?"

అక్కసుతో అన్న మాట కాదది. నిజంగానే అలిసిపోయింది పిల్ల.

గురువుగారు చెప్పులేసుకున్నారు.

రెండో అంతస్తులో కిటికీ పక్క మంచం మీద, తలగడ గుండెకి హత్తుకుని కూచున్నాడు పైడయ్య. తప్పెటగుళ్ళ ఆటగాడు. గుండె మీద రేకు తప్పెట కట్టుకుని, వాయిస్తూ గెంతే ఆట అది. బుధవారం పొద్దున్న పదిన్నరకి అతన్ని ఆటోలోంచి దించేసరికి ఊపిరి లేదు, నాడి లేదు. శమంత మంచమెక్కి మోకాళ్ళ మీద నిలబడి, పద్దెనిమిది నిమిషాలు రెండు చేతులతో రొమ్ము నొక్కి, నడుమ నడుమ కరెంటు షాకులిచ్చి, ఆ గుండెని మళ్ళీ ఆడించింది. ఇప్పుడతను ఆమెని ఎగాదిగా చూసి, కొత్త నర్సనుకున్నాడు కాబోలు, గురువుగారి వైపు తిరిగాడు.

"ఎలా ఉంది పైడయ్యా?"

అడగడమే తరువాయి.

"గుండె బాగుంది బాబూ. గుండె డాట్రుబాబు దేవుడు. పక్కబొమికలే బాగోనేదు. నలబై ఏళ్ళ నించి ఈ రొమ్ము మీద తప్పెట వాయిస్తన్నాను, ఒక్క బొమిక కదల్నేదు. కింద ఎవుడో గానీ, ఒక్క పూటలో రెండు ఇరగ్గొట్టీసినాడు. దగ్గితే నొప్పి. తుమ్మితే నొప్పి. మా ఆడది ఏదో అంటే నవ్వు, నవ్వితే నొప్పి. ఆడి సెయ్యి పడిపోనూ!"

"ఊరుకో మావా, డాట్రుబాబుల ముందు ఆ మాటలేటి?" అంది పెళ్ళాం. అతను ఊరుకుంటేనా! ఆ చెయ్యెవరిదో వాడి అమ్మనీ అబ్బనీ తలుచుకుని మరో విడత అందుకున్నాడు. వార్డు వార్డంతా చెవులొగ్గి వింటోంది. శమంత రెండు చేతులూ కోటు జేబుల్లో దాచేసుకుంది.

"ఆడెవుడో తెలిస్తే నాకోపాలి సూపించండి బాబూ."

"చూపిస్తాలే. ముందు నువ్వు లేచి తిరుగు," అన్నారు గురువుగారు.

వరండాలోకి వచ్చీరాగానే శమంతకి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. లోపల పైడయ్య గొంతు ఖంగుమని వినబడుతూనే ఉంది. రెండేళ్ళలో ఎన్నడూ లేనంత హాయిగా ఉంది ఆమెకి.

"విశాఖ వాళ్ళకి రానని ఇప్పుడే చెప్పేస్తాను సార్. కానీ ఒక్కటి అర్థం కావడం లేదు. నలుగురిలో ఇన్ని తిట్లు తిని, అంత నొప్పి పెట్టానని తెలిసి కూడా, నాకీ సంతోషమేమిటి?"

ఆయన మెట్లు దిగుతూ అన్నారు:

"బుధవారం పదిన్నరకి అతనికి ఏ నొప్పీ లేదు కదమ్మా."