బుచ్చవ్వ వెతికిన అతుకు

చిన్న కథ చెబుతాను. పొయ్యి మీద అంబలి పొంగేలోపు అయిపోతుంది.

అనగనగా, మీ తాతకు తాత గొర్రె తోక పట్టుకుని నడక నేర్చుకుంటున్న కాలంలో, గుట్ట కింద ఒక కురుమ పల్లె. ఆ పల్లెలో గొర్రెలు ఎక్కువ, మనుషులు తక్కువ, మాటలు మరీ ఎక్కువ. కులపెద్ద గట్టయ్య తీర్పు చెప్పేముందు మీసం దువ్వేవాడు. మీసం పొడుగు కాబట్టి తీర్పులు ఆలస్యమయ్యేవి. మగ్గం నేసే కొమురయ్య ఒక గొంగడి నేసి, మూడు గొంగళ్లు నేసేంతసేపు దాని గురించి చెప్పేవాడు. ఎదురింటి రాజవ్వ ఎవరి సంగతీ నాకెందుకని ఊరంతా తిరిగి చెప్పి వచ్చేది. సరే, కథ వీళ్లది కాదు. బుచ్చవ్వది.

గొంగడిని ఒకే ముక్కగా నేయరు. పట్టెలుగా నేసి, పక్కపక్కన పెట్టి, ఉన్ని దారంతో కుట్టి అతుకుతారు. ఇతరులు అతికితే ఆ అతుకు బక్క గొర్రె వెన్నులా పైకి తేలేది. వాన నీళ్లు ముందు అక్కడే దిగేవి. బుచ్చవ్వ అతికితే అలా కాదు. ఈ అంచునూ ఆ అంచునూ ఎదురెదురు పెట్టి, దారాన్ని లాగీ లాగకుండా, లాగీ లాగకుండా దబ్బనం నడిపేది. తరువాత అతుకు ఎక్కడుందో కంటికి కనబడేది కాదు, చేతికి తగిలేది కాదు. వానకైతే అసలే తెలిసేది కాదు.

బుచ్చవ్వకు ఉన్నది ఆ పేరొక్కటే. మొగుడు పోయాక అన్న ఐలయ్య ఇంటికి వచ్చింది. ఐలయ్య కొంచెం జరిగి చోటిచ్చాడు. ఇప్పుడు ఐలయ్యా పోయాడు. ఆయన కొడుకులు బీరయ్య, సిద్దయ్య వేరు పడదామనుకున్నారు. అన్నదమ్ములకు ఏ విషయంలోనూ పొత్తు కుదరలేదు, ఒక్క విషయంలో తప్ప.

"పెద్దోనివి, అత్తను నువ్వు ఉంచుకో అన్నా."

"నీ పెండ్లానికి తోడుంటది, నువ్వే ఉంచుకోరా."

గోడ అవతల ఉన్ని దువ్వుతున్న బుచ్చవ్వకు ఇద్దరి మాటలూ వినబడ్డాయి. ఆమె దువ్వుతూనే ఉంది.

ఆ పల్లెలో ఒక ఆచారం. తండ్రి గొంగడి అతుకు విప్పితేనే ఇల్లు పంచినట్టు. పట్టెకొక పాలు. కత్తెర పెట్టకూడదు. కుట్టిన చెయ్యే విప్పాలి. ఆ ఊళ్లో గొంగడి అంటే రెండు పట్టెలే, నడుమ ఒక్క అతుకే. నలుగురు కొడుకులున్న ఇంట్లో పట్టెకు ఇద్దరు చొప్పున పడి కొట్టుకునేవాళ్లు, అది వేరే కథ.

ఐలయ్య గొంగడి కుట్టింది బుచ్చవ్వే. ఊరంతా దొడ్లో కూర్చుంది. గొంగడి తెచ్చి ఆమె ఒళ్లో వేశారు.

బుచ్చవ్వ మనసులో ఒకటే మాట తిరుగుతోంది. దొరికితే ఇల్లు పోతది. దొరకకుంటే పేరు పోతది.

బొటనవేలితో గొంగడి నడుమంతా తడిమింది. అతుకు లేదు.

"చెమ్మగున్నది బిడ్డా. ఎండకెయ్యుండ్రి."

ఎండకు వేశారు. మళ్లీ నడుమంతా తడిమింది. అతుకు లేదు.

"దుమ్ము పట్టింది బిడ్డా. దులుపుండ్రి."

దులిపారు. సగం దుమ్ము గట్టయ్య మీసంలో పడింది.

బుచ్చవ్వ నాటకమాడుతోందని అందరూ అనుకున్నారు. ఆమె నాటకమాడలేదు. కళ్లు ఎప్పుడో మసకబారాయి, ఇప్పుడు వేళ్లూ మోసం చేశాయనుకుంది. దొరికితే ఇల్లు పోతది. దొరకకుంటే పేరు పోతది.

"తిండి కోసం ఆడుతున్న ఆటిది," అన్నాడు సిద్దయ్య.

గట్టయ్య పెళ్లాం లచ్చవ్వ నిమ్మళంగా అంది: "నువ్వు కుట్టింది నీకే దొరకకుంటే, ఇన్నేండ్లు మేం మెచ్చుకున్నది దేన్నే వదినే?"

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది.

మూడోసారి బుచ్చవ్వ కళ్లు మూసుకుంది. నడుమంతా తడిమింది. లేదు. అలసిన చెయ్యి పక్కకు జారింది. అంచు వైపు, ఎవరూ వెతకని చోట, గోరుకు ఒక దారం తగిలింది.

తన కుట్టే. తగిలింది తనకొక్కదానికే. లేదంటే చాలు, ఇల్లు నిలుస్తుంది.

"దొరికింది," అంది బుచ్చవ్వ.

దారం కొస పట్టి, లాగీ లాగకుండా, లాగీ లాగకుండా విప్పింది. పట్టె ఊడి వచ్చింది. సన్నటి పట్టె.

"గీ సన్నది నాకా?" అన్నాడు సిద్దయ్య.

"మరి నాకా?" అన్నాడు బీరయ్య.

బుచ్చవ్వ వేళ్లు ఆగలేదు. అవతలి అంచు వైపు పోయి ఇంకో దారం పట్టుకున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. ఈ గొంగడి నేసిన ఏడు కొమురయ్య మగ్గం విరిగి, చిన్న మగ్గం మీద సన్నటి పట్టెలు నేశాడు. రెండు చాలక మూడు పెట్టి కుట్టింది. అతుకంటే నడుమే అని ఊరంతా అనుకుంటే తనూ నడుమే వెతికింది. నడుమ అతుకే లేదు.

ఆమె ఒళ్లో మూడు పట్టెలు పడ్డాయి.

కొమురయ్య గొర్రెలను లెక్కపెట్టడానికన్నట్టు లేచిపోయాడు. గట్టయ్య మీసం దువ్వాడు. ఈ చివర దువ్వాడు, ఆ చివర దువ్వాడు, మళ్లీ మొదలుపెట్టాడు.

"పట్టెకొక పాలు," అంది లచ్చవ్వ. "మూడు పట్టెలు, మూడు పాళ్లు. ఐలన్న ఇంట్ల మూడో మనిషి ఎవరో మీరే చూసుకోండ్రి."

అందరూ బుచ్చవ్వ వైపు చూశారు. "నాకెందుకు కొడుకా, పిడికెడు బువ్వ పెట్టుండ్రి, చాలు" అంటుందని చూశారు. ఆ మాట కోసం బీరయ్య చూశాడు, సిద్దయ్య చూశాడు. ఊరి ఆడవాళ్లు కళ్లు తుడుచుకోవడానికి కొంగులు కూడా సిద్ధం చేసుకున్నారు.

బుచ్చవ్వ ఒక పట్టె మడిచి భుజం మీద వేసుకుంది.

"నా గొర్లను వేరుగ తోలుండ్రి," అంది.

తోలారు. ఆమె తన పొయ్యి మీద తను వండుకు తిని, చాలా వానలు చూసి పోయింది.

ఆ పల్లెలో ఇప్పటికీ గొంగడి అంటే మూడు పట్టెలు. ఇల్లు పంచే రోజు, దిక్కులేని ఆడమనిషి ఆ ఇంట్లో ఉంటే, ముందు ఒక పట్టె ఆమె ముందు పెడతారు. ఆమె వద్దంటుందేమోనని కాసేపు ఆగుతారు కూడా.

ఇంతవరకు ఒక్కరూ వద్దనలేదు.