ఉయ్యాలకి చోటు లేని ఇల్లు

అందరూ పడుకున్నారా? పండూ, కాళ్ళు నా మీద వెయ్యకు. చిట్టీ, నువ్వు ఊ కొట్టాలి. ఊ కొట్టకపోతే గోడకి చెప్పుకున్నట్టుంటుంది నాకు.

అనగనగనగా ఒక ఊళ్ళో... ఊరి పేరు అడక్కండి, చెబితే ఆ ఊరివాళ్ళు కర్రలుచ్చుకుని నా మీదికొస్తారు. ఆ ఊళ్ళో ఆదెమ్మ అని ఒక పెద్దావిడ ఉండేది. ఆవిడకి ఒక కొడుకు అప్పన్న, కోడలు నూకాలు, నెల తిరగని మనవరాలు. ఆస్తంటే ఒక్క పెంకుటిల్లు. సొంతిల్లుందిగా, నీకేం తక్కువ అనేవారు ఊళ్ళోవాళ్ళు. ఇల్లుంటే సరా, నా మొహం! దానికి కప్పుండొద్దూ?

ఏమైందంటే, వాసానికి చెదలు పట్టె. చెదలు పడితే వాసం విరిగె. వాసం విరిగితే, పైనెక్కి సర్దుతున్న అప్పన్న కిందపడె. అప్పన్న పడితే కాలు విరిగె. కాలు విరిగితే పెంకు సర్దేవాడు లేకపోయె. పెంకు జారె, వాన దిగె, వాన దిగితే పసిదాని ఉయ్యాల తడిసె. ఊ కొడుతున్నారా?

ఉయ్యాల దూలానికి ఇక్కడ కడితే ఇక్కడ టప్పు, అక్కడ కడితే అక్కడ టప్పు. మార్చి మార్చి, చివరికి నడిమింట్లో జానెడు చోటు మిగిలింది కారకుండా. అక్కడే ఉయ్యాల. అప్పన్న మంచం మాత్రం వంటింటి మూల, నెత్తిన గోనెపట్టా. పిల్లకి అప్పటికే దగ్గు పట్టుకుంది. ఆ జానెడు చోటూ కారితే పిల్ల దక్కదని మంత్రసాని చెప్పి పోయింది.

దయ్యం ఎప్పుడొస్తుందంటావేంట్రా పండూ? ఇందులో దయ్యం లేదు. అలాంటి కొంపలో దయ్యం మాత్రం ఎందుకుంటుందిరా, దానికి జలుబు చెయ్యదూ!

ఆ రాజ్యానికి ఒక కుర్రరాజు. మంచివాడే పాపం. మంచివాళ్ళతోనే వస్తుంది చిక్కంతా. లేనివాళ్ళ ఇళ్ళు ఉన్నవాళ్ళు కూలి పుచ్చుకోకుండా బాగుచెయ్యాలని దండోరా వేయించాడు. బాగుచేసిన ఇంటికి తానే వచ్చి, చూసి, అక్కడే భోంచేసి వెళ్తానన్నాడు. ఇంకేముంది, మేమంటే మేమని బయల్దేరారు. ఆదెమ్మ ఇంటికి ముగ్గురు దిగారు: మంత్రిగారు, మునసబుగారు, షావుకారుగారు.

ఆదెమ్మ చేతులు జోడించింది. బాబూ, వాసాలు మార్చి పెంకు నేయించండి, పసిపిల్ల తడిసిపోతోందంది. అలాగే అలాగే అన్నారు. అని ఏం చేశారనుకున్నారు? షావుకారు వీధి గోడకి సున్నం కొట్టించి ఎర్రమన్ను అంచులు దిద్దించాడు. ఆదెమ్మ మళ్ళీ చెప్పింది, బాబూ, పెంకు. అలాగే అలాగే అని, మునసబు అరుగులు కట్టించాడు, పల్లకీ దిగిన రాజుగారు కాలు పెట్టడానికి బావుంటుందని. బాబూ, పెంకు! అలాగే అలాగే అని, మంత్రిగారు గుమ్మానికి చిలకలు చెక్కించాడు. చిలకలు! పిల్ల దగ్గుతుంటే చిలకలు! నాకు ఇప్పుడు చెబుతుంటేనే ఒళ్ళు మండిపోతోంది.

ఎందుకలా చేశారూ అంటే, కప్పెక్కి పనిచేస్తే వీధిలోకి కనిపించదు కదా. చెదలు తిన్న వాసం చూసి రాజుగారు భేష్ అంటారా? చిలకని చూస్తే అంటారు. నూకాలు ఉండబట్టలేక, ఈ చిలకల కర్రతో రెండు వాసాలు వచ్చేవి కదండీ అంది. అంతే, ముగ్గురికీ కోపం వచ్చేసింది. దానమిచ్చిన ఆవు పళ్ళు ఎంచుతావా అని గయ్యిమన్నారు. ఆవు పాలివ్వకపోతే పళ్ళు కాక ఇంకేం ఎంచుతారే చిట్టీ, నువ్వు చెప్పు! పడుకున్నావా? ఆఁ, అలా ఊ కొట్టు.

పైన పటారం, లోన లొటారం. అది చూపించి, ఇల్లు పునాది నుంచి కప్పుదాకా కొత్తదైపోయిందని రాజుగారికి కబురు పెట్టారు. ఆయన సంతోషపడి, ముగ్గురికీ శాలువాలు కప్పి, వాళ్ళని వెంటబెట్టుకుని భోజనానికొచ్చాడు. గుమ్మంలో చిలకలు చూసి భేష్, బావున్నాయన్నాడు. ఆకాశం చూస్తే కాటుకలా ఉంది. మంత్రిగారు గతుక్కుమని, అరుగు మీదే వడ్డించెయ్యమ్మా, గాలి బాగా వస్తుందన్నాడు. నూకాలు, అయ్యో, మహారాజుని వీధిలో కూర్చోబెడతామా, మా పరువేం కాను అని లోపల పీటలు వేసేసింది. ఏ చుక్క ఎక్కడ పడుతుందో దానికి కంఠతా వచ్చు. ఉయ్యాల విప్పేసి పిల్లని అత్త చేతికిచ్చి, ఆ జానెడు చోట్లో రాజుగారికి పీట వేసింది. మిగతా ముగ్గురికీ... ఎక్కడ వేసిందో మీకు వేరే చెప్పాలా?

పప్పు వడ్డించింది. వాన మొదలైంది. మునసబు బట్టతల మీద టప్పు. మంత్రిగారి తలపాగా మీద టప్పు. షావుకారు విస్తట్లో టప్పు టప్పు. లేద్దామంటే, పంక్తిలో రాజుగారు లేవందే ఎవరూ లేవకూడదు. కారుతోందని చెబుదామంటే, కప్పు కొత్తదని చెప్పిన నోళ్ళు వాళ్ళవే. రాజుగారిదేమో నింపాది భోజనం. ముద్ద ముద్దకీ కబుర్లు. షావుకారుగారూ, మీ విస్తట్లో చారు అంత పొంగుతోందేమిటని అడిగాడు. పల్చటి చారంటే నాకు ప్రాణమండి మహారాజా అని ఆ వాననీళ్ళే జుర్రుకున్నాడు షావుకారు. తినమను, తినమను!

నూకాలు మారు వడ్డించనా అంది. రాజుగారు కావాలన్నాడు. పెరుగు వెయ్యనా అంది. అదీ కావాలన్నాడు. ముగ్గురూ తడిసిన కోళ్ళలా కూర్చున్నారు.

ఇంతలో మూలనుంచి పిల్ల ఏడ్చింది. ఆదెమ్మ కొంగు కప్పి, వాన తన వీపున కాచుకుంటూ నిలబడింది. రాజుగారు చూసి, అదేమిటమ్మా, పిల్లని అలా పట్టుకుని నిలబడ్డావు, ఉయ్యాల్లో వెయ్యరాదా అన్నాడు.

అప్పుడు నూకాలు, "ఉయ్యాల కట్టే చోట తమరు కూర్చున్నారు మహారాజా. ఇంట్లో కారని చోటు అదొక్కటే" అంది.

రాజుగారి చెయ్యి పెరుగన్నంలోనే ఆగిపోయింది. తలెత్తి కప్పు చూశాడు. ముగ్గురి తలలూ చూశాడు. లేచి, చెయ్యి కడుక్కుని, తన పీట తీసి పక్కన పెట్టి, ఆ ఉయ్యాల తానే కట్టాడు. పిల్ల పడుకున్నాక, నీకేం కావాలని వీళ్ళు అడగలేదా తల్లీ అన్నాడు. చెప్పాం, వినలేదంది నూకాలు. తమరు కూడా గుమ్మంలో చిలకలు బావున్నాయన్నారు గానీ, ఇల్లెలా ఉందని అడగలేదండి అంది. మంత్రిగారికి ప్రాణం పోయినంత పనైంది. రాజుగారు మాత్రం నిజమేనమ్మా, తప్పు నాది కూడా అని ఒప్పుకున్నాడు.

ఒప్పుకుని, కప్పు నేసేదాకా మా నలుగురికీ రోజూ ఇక్కడే భోజనం, బియ్యం మా కోటనుంచి వస్తాయి, పీటలు మాత్రం ఈ అమ్మాయే వేస్తుందన్నాడు. వాన తెరిపివ్వగానే ముగ్గురూ వాసాలకి పరిగెత్తారు. షావుకారు పెంకులు అందించాడు, మునసబు వాసాలు మోశాడు, మంత్రిగారు నిచ్చెన పట్టుకున్నాడు. వద్దంటే వినరే! చిలకలు చెక్కడానికి పట్టిన సమయంలో సగం కూడా పట్టలేదు కప్పుకి.

కప్పు పూర్తయిన సాయంత్రం మళ్ళీ జోరువాన. ఇంట్లో ఒక్క చుక్క పడలేదు. ఆదెమ్మ ఉయ్యాల తాడు పట్టుకుని వంటింట్లోకెళ్ళింది, నడిమింట్లోకొచ్చింది, కిటికీ దగ్గరికెళ్ళింది. ఏంటత్తా ఆ తిరుగుడు అంది నూకాలు. "ఎక్కడ కట్టినా పరవాలేదే ఇప్పుడు. ఎక్కడ కట్టాలో తెలీడం లేదే నాకు" అని తాడు పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చేసింది పిచ్చిది.

పిల్ల దగ్గు తగ్గింది, అప్పన్న కాలు అతికింది. అందరూ సుఖంగా ఉన్నారు. సాయం చెయ్యాలనిపిస్తే ముందు ఏం కావాలని అడగండి నాన్నా. అడిగి ఊరుకోకండి, చెప్పింది వినండి. కథ కంచి దారి పట్టింది, ఇక మీరు నోళ్ళు మూసుకుని నిద్ర దారి పట్టండి.