చందనుడు పేనిన గడ్డిచక్రం

ఎప్పటి మాటో నేను చెప్పలేను గాని, గంధవతి అనే నగరాన్ని ఒక రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ప్రతాపుడు, రెండోవాడు ప్రచండుడు, మూడోవాడు చందనుడు. తల్లీతండ్రీ లేని మేనకోడలు కువలయ కూడా వాళ్లతో పాటు ఆ కోటలోనే పెరిగింది. మాటకు మాట అంటించడంలో ఆ పిల్లను మించినవాళ్లు లేరు.

పెద్దవాళ్లిద్దరూ విలువిద్యలో దిట్టలు. పాలరాతి నేల మీద నిలబడి బంగారుపూత పూసిన గురిపలకను కొడుతుంటే చూసినవాళ్లంతా భళీ అనేవాళ్లు. చందనుడి బాణం మాత్రం ఒకసారి దీపస్తంభానికి తగిలింది, ఒకసారి గడపకు తగిలింది, మరొకసారి మంత్రిగారి తలపాగాను ఎగరగొట్టింది. తలపాగా ఎగిరిన రోజున రాజు అతన్ని పిలిచి, ఇక కోటలో విల్లు పట్టవద్దన్నాడు. అంతగా పట్టాలనుంటే కొండ కింద మన చేను ఉంది, అక్కడికి పొమ్మన్నాడు.

చందనుడు సరేనని వెళ్లాడు. చేలో గురిపలక ఎవరు పెడతారు? తనే చేసుకున్నాడు. మొదట ఒక పాత తలుపుచెక్క నిలబెట్టాడు. బాణం తగిలితే ములికి వంగింది, తగలకపోతే బాణమే కనిపించకుండా పోయింది. తరవాత గోనెసంచిలో గడ్డి కూరి కొయ్యకు వేలాడదీశాడు. గడ్డి వదులుగా ఉంది. బాణం సంచిలో దూరి, అవతల పక్కనుంచి దూసుకుపోయి, పొరుగుచేలో కలుపు తీస్తున్న ముత్యాలి గంజికుండను పగలగొట్టింది.

ముత్యాలి కొంగు నడుముకు బిగించి వచ్చింది. ఎదుట ఉన్నది రాజుగారి కొడుకని కూడా చూడలేదు.

"నీ గురి కుదిరితే నాకేం, కుదరకపోతే నాకేం బాబూ? నీ గురి వెనక నా కుండ ఉంది, కుండ వెనక నేనున్నాను. కొట్టేముందు వెనకేముందో చూసుకోవద్దూ?"

చందనుడు సిగ్గుపడ్డాడు. తన సద్దిమూట ఆమెకిచ్చి ఆ పూట తాను పస్తున్నాడు. మర్నాడు మూడోసారి మొదలుపెట్టాడు. వరిగడ్డి తడిపి వెంటి పేనాడు. ఆ గడ్డితాడును చుట్టలా చుట్టి, నారతో కుట్టి, రోకలితో దంచాడు. బండిచక్రమంత గడ్డిచక్రం తయారైంది. దాని వెనక మనిషెత్తు మట్టికట్ట పోశాడు. ఇప్పుడు తగిలిన బాణం గడ్డిలో ఆగింది, తప్పిన బాణం మట్టిలో ఆగింది. తప్పినా ఎవరికీ దెబ్బ లేదని తెలిశాక జంకు పోయింది. జంకు పోయాక తప్పడమే తగ్గిపోయింది.

ఒకనాడు చూస్తే కట్ట ఒక పక్క కుంగిపోయి ఉంది. పార వేసి తవ్వితే కలుగులోంచి ఒక పందికొక్కు తల బయటపెట్టింది. పిల్లలు కళ్లు తెరవలేదు, నాలుగు రోజులు ఓపిక పట్టమని అడిగింది. చందనుడు పార కింద పెట్టి, కట్టను రెండో వైపు పెంచుకున్నాడు. పిల్లలు పెద్దవయ్యాక పందికొక్కు వచ్చి, "మట్టిపని పడితే నన్ను పిలు, అన్నా. పది మంది కూలీలు నా ముందు దిగదుడుపు" అంది. అప్పటినుంచి చందనుడు ఎక్కడికి పోయినా అది అతని భుజానున్న సంచిలో ఉండేది.

ఇలా ఉండగా ధూమకేశుడనే మాంత్రికుడు నల్లమబ్బు మీద వచ్చి, కోట మేడ మీద పూలు కోస్తున్న కువలయను పట్టుకుపోయాడు. వాడి భుజం మీద ఒక పచ్చని చిలక ఉంది. పోతూ పోతూ వాడు రాజును చూసి పెద్దగా నవ్వాడు.

"ఏడు సముద్రాల అవతల పగడాల దీవి నాది. నా ప్రాణం ఈ చిలకలో ఉంది. చేతనైనవాడు వచ్చి కొట్టవచ్చు. మూడో పున్నమికి ఈ పిల్లతో నా పెళ్లి."

ప్రతాపుడు ఓడెక్కి వెళ్లాడు. ఒక పున్నమి గడిచింది, అతను రాలేదు. ప్రచండుడు ఓడెక్కి వెళ్లాడు. రెండో పున్నమి గడిచింది, అతనూ రాలేదు. అప్పుడు చందనుడు వెళ్తానన్నాడు. రాజు కళ్లనీళ్లు పెట్టుకుని, ఉన్న ఒక్కడినీ పంపలేనన్నాడు, తలపాగాలు కొట్టినంత సులువు కాదన్నాడు. చందనుడు తండ్రిని చేనుకు తీసుకుపోయి గడ్డిచక్రాన్ని చూపించాడు. దాని నడుమ బాణాలు తగిలి తగిలి పిడికిలి పట్టేంత గుంట పడి ఉంది. రాజు ఆ గుంటలో చెయ్యి పెట్టి చూశాడు. కొడుకు తల మీద చెయ్యి వేసి వెళ్లి రమ్మన్నాడు.

సముద్రం ఒడ్డున ఒక పెద్ద తాబేలు వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటోంది. చందనుడు దాన్ని తిరగేసి నీళ్లలోకి నెట్టాడు. అది కృతజ్ఞతతో అతన్ని వీపున ఎక్కించుకుంది. ఉప్పు సముద్రం దాటారు, చెరకురసం సముద్రం దాటారు, కల్లు సముద్రం ముక్కు మూసుకుని దాటారు. నేతి సముద్రంలో పందికొక్కు మూతి ముంచి ఇక రానని మొండికేసింది. దాన్ని తోక పట్టి లాగి పెరుగు సముద్రం, పాల సముద్రం, మంచినీళ్ల సముద్రం దాటి పగడాల దీవి చేరారు.

దీవి మీద మొదట కనిపించినవి రెండు రాళ్లు. ఒకటి ప్రతాపుడు, ఒకటి ప్రచండుడు. ఇద్దరి చేతుల్లోనూ విల్లులు ఉన్నాయి. కాస్త దూరంలో పగడపు తిన్నె మీద కువలయ కూర్చుని ఉంది. ఆమె కాలికి గొలుసు, భుజం మీద చిలక.

చందనుడు విల్లెత్తాడు. నారి లాగాడు. చిలక వెనక కువలయ మెడ కనిపించింది. విల్లు దించేశాడు.

"దించావా బావా, బతికావు. ఈ దీవి మీద బాణం చిలకకు కాక మరో ప్రాణికి తగిలిందంటే వేసినవాడు రాయైపోతాడు. పెద్దబావ బాణం నా జడను తాకింది. రెండోబావ బాణం నా చెవిని తాకింది. చిలక మాత్రం ఇటు నుంచి అటు గెంతింది, అంతే."

ఇంతలో ధూమకేశుడు వచ్చి, ఏం నాయనా, చెయ్యి రాలేదా అని వెక్కిరించాడు. చందనుడు చేతులు కట్టుకుని, తనకింకా గురి కుదరలేదని, పున్నమి దాకా అభ్యాసం చేసుకోనిమ్మని అడిగాడు. మాంత్రికుడు పొట్ట పట్టుకుని నవ్వి సరేనన్నాడు.

పందికొక్కు పనిలోకి దిగింది. ఇసుకతిన్నె వెంబడి మట్టి తోడి తోడి పోసింది. కట్ట మనిషెత్తు లేచింది, తిన్నె ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగింది. చందనుడు మడుగులో పెరిగిన నివ్వరి, అంటే విత్తనం చల్లకుండా మొలిచే అడవివరి, కోసుకొచ్చి వెంటి పేనుతూ కూర్చున్నాడు. కొండ కింద చేలో అయితే గింజ దులిపి పేనేవాడు. ఇక్కడ ఒక్క గింజ కూడా దులపలేదు. కంకులన్నీ పైకి వచ్చేలా పేనాడు.

"గడ్డి పేనడానికి ఏడు సముద్రాలు దాటి వచ్చావా బావా?" అంది కువలయ. "ఆ పని మన పాలేరుకు చెప్పినా వచ్చేవాడుగా."

"పాలేరు వస్తే నిన్నెవరు పెళ్లాడతారు?" అన్నాడు చందనుడు తల ఎత్తకుండా. కువలయ ముసిముసిగా నవ్వుకుంటూ మొహం అటు తిప్పుకుంది.

ఆ చిలకకు అది పుట్టినప్పటినుంచి మాంత్రికుడు ద్రాక్షలు, బాదంపప్పులే పెట్టాడు. పాలుపోసుకున్న కంకి రుచి దానికి తెలియదు. కానీ చిలక చిలకే. చందనుడు చక్రాన్ని కట్ట ముందు నిలబెట్టిన మొదటిరోజు అది కువలయ భుజం మీదినుంచే మెడ చాచి చూసింది. రెండోరోజు చక్రం చుట్టూ ఎగిరి, ఒక గింజ నోట కరుచుకుని వెనక్కి పోయింది. చందనుడు చూడనట్టే ఉన్నాడు. మూడోరోజు పున్నమి. దీవి అంతా పెళ్లిపందిళ్లు. చిలక నేరుగా వచ్చి చక్రం మీద వాలి కంకులు ఒలుచుకోసాగింది.

మాంత్రికుడు తలంబ్రాల పళ్లెం పట్టుకుని వస్తూ చూశాడు. రమ్మని ఈల వేశాడు. చిలక నోటినిండా గింజలున్నాయి, అది వినిపించుకోలేదు.

చందనుడు చిలకను చూశాడు. చిలక వెనక చూశాడు. గడ్డి, మట్టి తప్ప ఏమీ లేదు. మొదటి బాణం వదిలాడు. చిలక గెంతింది, బాణం మట్టిలో దిగింది. ధూమకేశుడు, ఇక రాయివైపోయావన్నాడు. చందనుడు రాయి కాలేదు, అంబులపొదిలోంచి రెండో బాణం తీశాడు. అది చిలక రెక్క రాసుకుంటూ పోయి మట్టిలో దిగింది. ఒక ఈక రాలింది, మాంత్రికుడి మీసం ఒక పక్క ఊడి పడింది. అప్పుడు వాడికి భయం పుట్టింది. ముందొచ్చిన వీరులిద్దరికీ ఒక్కొక్క బాణమే చిక్కింది. ఈ గడ్డి పేనేవాడికి ఎన్నిసార్లు తప్పినా ఏమీ కావడం లేదు.

చిలక కంకి ముక్కున పట్టుకుని కువలయ వైపు ఎగిరింది. కానీ కట్ట పొడుగైనది. అది దాటేలోగా చందనుడి మూడో బాణం వెళ్లి చిలక గుండెలో నాటుకుంది.

ధూమకేశుడు నిలబడ్డచోటే కుప్పకూలి పిడికెడు మసి అయ్యాడు. సముద్రపు గాలి ఆ మసిని ఊదేసింది. గొలుసు తెగింది. రాళ్లలోంచి అన్నలిద్దరూ మేలుకున్నారు. ఇంకా గురి చూస్తున్నాననుకుని ప్రతాపుడు ఒక కన్ను మూసుకునే ఉన్నాడు. కువలయ వెళ్లి, "చాల్లే పెద్దబావా, కన్ను తెరువు. పని అయిపోయింది" అంది.

తాబేలు వాళ్లందరినీ మోసుకుని ఇల్లు చేర్చింది. రాజు ఎదురొచ్చి చిన్నకొడుకును ఏనుగు మీద ఎక్కించి, నగరమంతా భేరీలతో ఊరేగించాడు. చందనుడికీ కువలయకూ పెళ్లి జరిగింది. అన్నలిద్దరూ తమంతట తామే తమ్ముడిని సింహాసనం మీద కూర్చోబెట్టి, సేనలు తాము చూసుకుంటామన్నారు. ముత్యాలి కొత్తచీర కట్టుకుని వచ్చి అక్షింతలు వేసింది. పందికొక్కు పెళ్లిభోజనంలో నేతిగిన్నె పక్కనుంచి కదల్లేదు.

చందనుడు తల నెరిసేదాకా, మనవల మనవలు పుట్టేదాకా రాజ్యం చేశాడు. వానలు వేళకు కురిశాయి, గాదెలు నిండాయి. పగడాల దీవిలో ఇప్పుడు చిలకలు గుంపులు గుంపులుగా నివ్వరి కంకులు తింటూ ఉంటాయట. వాటిలో ఒక్కదానిలోనూ ఎవరి ప్రాణమూ లేదు, వాటి ప్రాణం వాటిదే.